దర్హాన్‌కి ఒకరు, హోవ్ద్‌కి ఒకరు

నెడ్రా పిండి బిళ్ళను ఎడమ అరచేతిలో పరుచుకుని, నడుమ ఉల్లిపాయ కలిపిన పొట్టేలు కైమా పెట్టి, అంచులను బొటనవేలితో కుచ్చిళ్ళుగా నొక్కుతోంది. ఒక్కో కుడుముకు పద్దెనిమిది కుచ్చిళ్ళు. పొద్దుటినుంచి నూట నలభై అయ్యాయి. పిండి చల్లిన పళ్ళాల్లో వరుసలుగా కూర్చున్నాయి. రేపు మధ్యాహ్నానికి ఇంకో నూరన్నా కావాలి.

బల్లకు అవతల ఆమె భర్త డెవాన్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. గొర్రెల మధ్య పుట్టి, గొర్రెలే పెంచి, పోయినేడు ఆఖరి మందను అమ్మేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. చేతులు వణకడం వల్ల ముక్కలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది పడుతున్నాయి. ఇవి కుడుముల్లోకా, గొర్రెల దాణాలోకా అని నెడ్రా అడిగింది. అతను తలెత్తకుండా, రేపు తినబోయేవాళ్ళు మంగోలియాలో ఇంతకన్నా పెద్దవి నోరు మూసుకుని తిన్నారులే అన్నాడు.

ఏటా ఏప్రిల్‌లో, సాల్ట్ లేక్‌లో చర్చి మహాసభలు జరిగే వారం, ఒకప్పుడు మంగోలియాలో వాళ్ళ కింద పనిచేసిన పిల్లలంతా రెండు గంటలు కార్లు నడుపుకుంటూ స్ప్రింగ్ సిటీలోని ఈ ఇంటికి వస్తారు. పిల్లలు అనడం నెడ్రాకి అలవాటైపోయింది కానీ వాళ్ళకీ యాభై దగ్గర పడుతోంది. కొందరికి జుట్టు లేదు, కొందరికి మనవలున్నారు. హాడ్లాక్ అయితే ప్రతిసారీ క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ గిన్నె తెస్తాడు. అది ఎవరూ తినరు. అతనే తిని, అతనే గిన్నె కడుక్కుని తీసుకెళ్తాడు.

ఈసారి క్లెగ్ ఒక రోజు ముందే వస్తానని ఫోన్ చేశాడు. రూలన్ క్లెగ్. ఇప్పుడు అతన్నీ, అతని భార్య జెనీల్‌నీ చర్చి పెరూకి పంపుతోంది. జూలై ఒకటి నుంచి మూడేళ్ళపాటు అక్కడి మిషన్, అంటే మతబోధకు వచ్చే కుర్రాళ్ళ బాగోగులు, వాళ్ళదే. ప్రెసిడెంట్‌ని ఒక్క విషయం అడగాలి, రేపు నలుగురిలో అడిగేది కాదు అన్నాడు. ఒకప్పుడు మిషన్‌కి పెద్ద కాబట్టి డెవాన్ వాళ్ళకి ఇప్పటికీ ప్రెసిడెంటే. డెవాన్ అప్పటినుంచీ తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఉల్లిపాయలు కూడా ఆ చొక్కాతోనే తరుగుతున్నాడు.

వాళ్ళిద్దరికీ పిలుపు వచ్చినప్పుడు డెవాన్‌కి యాభై నాలుగేళ్ళు. గొర్రెలు ఈనే రోజులు. కొట్టంలోంచి మోచేతుల దాకా తడితో పరుగున వచ్చి, ఫోన్ పట్టుకోవడానికి వీల్లేక నెడ్రాని చెవి దగ్గర పెట్టమన్నాడు. అవతల చర్చి పెద్దల్లో ఒకాయన. అడిగినదానికల్లా డెవాన్ సరే అన్నాడు. ఫోన్ పెట్టేశాక, మంగోలియా ఎక్కడుందో నీకు తెలుసా అని నెడ్రాని అడిగాడు. వాళ్ళ చర్చిలో ఇలాంటి పని కావాలని ఎవరూ అడగరు, వస్తే ఎవరూ కాదనరు. జీతం ఉండదు. అక్క కూతురికి ఇల్లు, తమ్ముడికి మంద అప్పగించి జూన్ ఆఖరుకు బయల్దేరారు.

ఉలాన్‌బాతర్‌లో నాలుగో అంతస్తు ఇల్లు. కింద ఇంట్లో ఉన్ని కార్ఖానాలో పనిచేసి రిటైరైన దుల్మా ఉండేది. గడ్డమైనా సరిగా రాని కుర్రాళ్ళను ఎల్డర్ అంటే పెద్దాయన అని పిలవడం చూసి దుల్మా మొదటిరోజే మెట్ల మీద కూర్చుని నవ్వింది. ఈ పెద్దాయనలకు ముక్కు తుడిచేది నువ్వేనా చెల్లీ అంది. కుడుములు చేయడం నేర్పింది కూడా ఆమే. నెడ్రా మొదటిసారి చేసినవి ఆవిరికి విచ్చుకుపోతే, ప్రసంగం చేసేటప్పటి మీ ఆయనలాగే ఇవీ నోరు మూయవు అంది. డెవాన్ ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. దుల్మా పోయి పదకొండేళ్ళయింది.

చలికాలమంతా ఊరి మీద బొగ్గు పొగ. కిటికీ సందుల్లో ఎన్ని గుడ్డలు కుక్కినా పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. నెడ్రా తడిగుడ్డ పట్టుకుని రోజుకు రెండుసార్లు ఇల్లంతా తిరిగేది. తుడుస్తూనే పిల్లల సంగతులు నెమరేసుకునేది. ఎనభై మంది. ఊరూరా ఇద్దరిద్దరుగా తిరుగుతూ బోధించేవాళ్ళు. ప్రతి సోమవారం ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరాలు డెవాన్ చదివాక నెడ్రా చదివేది. ఎవరికి భాష పట్టుబడిందో, ఎవరు తోటివాడితో పడక అలిగారో డెవాన్‌కి తెలుసు. ఎవరి బూట్లు చిరిగాయో, ఎవరు రాసిన కాగితం మీద నీటి చుక్కలు పడ్డాయో ఆమెకు తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుని వాటి గురించి మాట్లాడుకున్నది తక్కువ. తీరిక ఉండేది కాదు.

ముందు గదిలో గోడకు ఇనపరేకు బోర్డు. తెల్ల రంగు మీద ఊళ్ళ పేర్లు, వాటి కింద అయస్కాంతాలతో అంటించిన ఎనభై ఫొటోలు. ఆరు వారాలకోసారి బదిలీలు. ఎవరు ఏ ఊరు వెళ్ళాలో, ఎవరికి ఎవరు జోడీయో దేవుడే చెప్పాలి, ప్రెసిడెంట్ విని ఫొటో జరపాలి. వాళ్ళ నమ్మకం అది. నెడ్రా నమ్మకమూ అదే, ఇప్పటికీ అదే. బదిలీలు వచ్చాయంటే డెవాన్ రెండు రోజులు అన్నం నీళ్ళు ముట్టకుండా ఆ గదిలో మోకాళ్ళ మీద ఉండేవాడు.

ఆ అక్టోబరులో కూడా అంతే. రెండో రోజు మధ్యాహ్నం ఆఖరి ఫొటో పెట్టి, వీసా కాగితాల పని మీద కోటు వేసుకుని వెళ్ళాడు. నెడ్రా తడిగుడ్డతో ఆ గదిలోకి వెళ్ళింది. బోర్డు పై అంచున మసి నల్లగా గీత కట్టి ఉంది. తుడుస్తుంటే గుడ్డ కొస తగిలి రెండు ఫొటోలు జారి, గోడవారనున్న వేడినీళ్ళ గొట్టాల వెనక్కి పడ్డాయి. అట్లకాడ తెచ్చి బయటికి లాగింది. ఒకటి హాడ్లాక్‌ది, ఒకటి క్లెగ్‌ది. బోర్డు మీద ఖాళీలూ రెండే. ఒకటి దర్హాన్, రైల్లో అయిదారు గంటల దూరం. ఇంకోటి హోవ్ద్, దేశానికి ఆ చివర. వాతావరణం బాగుంటే వారానికి రెండు విమానాలు, బాగోకపోతే దేవుడి దయ.

ఎవరు ఎక్కడున్నారో ఆమె చూసి పెట్టుకోలేదు. ఫొటోలు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెట్టి, డెవాన్ రాగానే సరిచూసుకోమందాం అనుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అతను వచ్చాడు. నేరుగా ఆ గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు మొహం పాలిపోయి, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. అయిపోయింది, ఇక తిందాం అన్నాడు. ఎనిమిది కుడుములు తిన్నాడు. అంతా సవ్యంగానే ఉందన్నమాట, తన లెక్క సరిపోయిందన్నమాట అనుకుని నెడ్రా ఇక అడగలేదు. మర్నాడు పిల్లలందరికీ ఫోన్లు వెళ్ళాయి.

వారం తర్వాత అతని కోటు జేబులో మడత కాగితం కనిపించింది. బోర్డు ముందు పెన్సిల్‌తో రాసుకున్న చిత్తు. హాడ్లాక్, హోవ్ద్. క్లెగ్, దర్హాన్. అప్పటికి క్లెగ్ హోవ్ద్‌లో దిగి నాలుగు రోజులైంది. చెబుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళింది. రెండుసార్లూ అతను ఫోన్లో ఉన్నాడు. చివరి నిమిషంలో తనే మార్చుకున్నాడేమో అని సర్దుకుంది. తర్వాత చెప్పే వేళ దాటిపోయింది.

డిసెంబరులో హాడ్లాక్‌కి న్యుమోనియా వచ్చి దర్హాన్ ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. ఫిబ్రవరిలో క్లెగ్ వాళ్ళ నాన్న ట్రాక్టరు నడుపుతూ గుండె ఆగి పోయాడు. ఆ కబురు హోవ్ద్ పోస్టాఫీసు ఫోన్లో చేరిన రోజే మంచు తుఫాను మొదలైంది. తొమ్మిది రోజులు విమానం లేదు. ఖననం అయిపోయింది. పదో రోజు మొదటి విమానంలో డెవాన్ వెళ్ళి, మూడు రోజులు ఆ కుర్రాడితో ఉండి వచ్చాడు. ఎలా ఉన్నాడని నెడ్రా అడిగితే, నిలబడ్డాడు, ఇంటికి రానన్నాడు, పని పూర్తిచేసే వస్తానన్నాడు అని చెప్పాడు. ఆ రోజు ఆమె స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది.

చెప్పినట్టే ఈరోజు క్లెగ్ మూడు గంటలకు వచ్చాడు. గుమ్మంలోనే ప్రెసిడెంట్‌ని ఎత్తినంత పని చేసి, నెడ్రా పిండి చేతులతో వద్దంటున్నా ఆమెనూ కావలించుకున్నాడు. నల్లకోటు మీద రెండు తెల్లటి చేతి గుర్తులు పడ్డాయి. పొట్ట వచ్చింది, కళ్ళజోడు వచ్చింది. నవ్వు మటుకు పందొమ్మిదేళ్ళప్పటిదే. కోటు విప్పి, చేతులు కడుక్కుని, అడక్కుండానే ఒక పిండి బిళ్ళ తీసుకున్నాడు. అతను నొక్కిన కుడుమును చూసి డెవాన్, పెరూలో ఇది చూపించకు, మా పరువు పోతుంది అన్నాడు.

కాసేపు పాత మాటలు. హోవ్ద్‌లో నీళ్ళు గడ్డకట్టి రంపంతో కోసుకున్న మాట. ఒక ముసలమ్మ ప్రతి వారం ప్రార్థనకు మేకపిల్లను చంకనేసుకుని వచ్చిన మాట. ఎన్నిసార్లు విన్నా నెడ్రాకి అవి కొత్తగానే ఉంటాయి. వింటున్నంతసేపూ ఆ నాలుగో అంతస్తు మెట్లు, బొగ్గు వాసన, కింద ఇంట్లో ఉప్పు వేసి కాచే పాలచాయ వాసన ముక్కుకు తగిలినట్టే ఉంటుంది. ఆ మూడేళ్ళు పడ్డంత కష్టం ఆమె ఎప్పుడూ పడలేదు. అయినా మళ్ళీ ఏ మూడేళ్ళు కావాలని ఎవరన్నా అడిగితే అవే అడుగుతుంది.

తర్వాత క్లెగ్ చేతులు తుడుచుకుని జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. డెవాన్ కత్తి పక్కన పెట్టాడు.

"ప్రెసిడెంట్, ఆ రోజు హోవ్ద్‌లో మీరు చెప్పింది నేను జెనీల్‌కి కూడా చెప్పలేదు," అన్నాడు క్లెగ్. "మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు." అని నెడ్రా వైపు చూశాడు.

"నెడ్రాకీ తెలీదు," అన్నాడు డెవాన్. "ఫర్లేదు, ఇప్పుడు వింటే తప్పులేదు. ముసలివాళ్ళమైపోయాం. చెప్పు."

క్లెగ్ గొంతు తగ్గించాడు. నాన్న పోయిన కబురు తర్వాత ప్రెసిడెంట్ హోవ్ద్ వచ్చారట. ఒక గుడారంలో పొయ్యి పక్కన కూర్చోబెట్టి చెప్పారట. నిన్ను నేను ఇక్కడికి పంపలేదు. నేను నిన్ను దర్హాన్‌లో పెట్టి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నీ ఫొటో హోవ్ద్‌లో ఉంది. హాడ్లాక్‌ది దర్హాన్‌లో ఉంది. నేను ముట్టుకోలేదు.

"అవును," అన్నాడు డెవాన్. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. "గదిలో ఎవరూ లేరు. ఇంట్లో కూడా ఎవరూ లేరు, నెడ్రా తప్ప. ఆ డిసెంబరులో హాడ్లాక్‌కి జబ్బు చేసినప్పుడు అర్థమైంది దేవుడు ఎందుకు మార్చాడో. హోవ్ద్‌లో ఉంటే బతికేవాడు కాదు."

నెడ్రా చేతిలో కుడుము సగం కుచ్చిళ్ళతో ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె దాచుకున్నది ఒక చిన్న పొరపాటు అనుకుంది. దాన్ని ఎవరూ గమనించలేదనుకుంది. అది వీళ్ళిద్దరి దగ్గర, ఆమెకు తెలియకుండా, ఇంత పెద్దదై కూర్చుంది.

క్లెగ్ అడగాలనుకున్నది అప్పుడు అడిగాడు. ఇప్పుడు అన్నిచోట్లా బదిలీలు కంప్యూటర్ తెర మీదేనట. అయినా తను ఇనపరేకు బోర్డు చేయించుకున్నాడట, ఓడలో పెరూకి పంపేశాడట. ఫొటోలన్నీ పెట్టాక గదిలోంచి వెళ్ళిపోయి, బయటినుంచి తాళం వేసుకుని, ప్రార్థన చేస్తూ ఉందామనుకుంటున్నాడు. ప్రెసిడెంట్ ఆ రోజు ఎంతసేపు బయట ఉన్నారు? గంటా? రెండు గంటలా? ఉపవాసం మొదటి రోజు వదలాలా, రెండో రోజా? పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

డెవాన్ నుదురు రుద్దుకుంటూ గుర్తు చేసుకుంటున్నాడు. వీసా ఆఫీసులో వరుస పెద్దగా ఉందనీ, రెండు గంటలు పట్టి ఉంటుందనీ అంటున్నాడు. క్లెగ్ రాసుకుంటున్నాడు.

నెడ్రాకి పెరూలో మూసిన తలుపు కనిపించింది. దాని బయట ఈ పొట్ట వచ్చిన కుర్రాడు మోకాళ్ళ మీద. తలుపు తీస్తాడు. పెట్టిన ఫొటోలు పెట్టినట్టే ఉంటాయి. ఆరు వారాలకు మళ్ళీ. మూడేళ్ళు. లోపం తనలోనే ఉందనుకుంటాడు. గట్టివాడు, ఎవరికీ చెప్పడు.

"గదిలో నేనున్నాను," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కుడుమును పళ్ళెంలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. మసి గీత, తడిగుడ్డ, గొట్టాల వెనక పడ్డ ఫొటోలు, అట్లకాడ. జేబులో దొరికిన కాగితం సంగతి కూడా చెప్పింది. ఏదీ మిగల్చలేదు. చెబుతున్నంతసేపూ బల్ల మీది పిండి వైపే చూసింది.

అయ్యాక క్లెగ్ పెన్ను మూసి పక్కన పెట్టాడు.

"ఎవరిది ఎక్కడో ఎలా పెట్టారు సిస్టర్?" అన్నాడు. "ఏది చేతికొస్తే అదా?"

"కాదు. హాడ్లాక్ అంతకుముందు వారమంతా మా బల్ల దగ్గర దగ్గాడు. రాత్రి పడుకుంటే ఎక్కువవుతుందని ఉత్తరంలో రాశాడు. దర్హాన్‌లో ఆసుపత్రి ఉంది. దగ్గేవాణ్ణి డెవాన్ దగ్గరి ఊళ్ళోనే పెట్టి ఉంటాడనుకున్నాను."

"మరి నేను?"

నెడ్రా అతని మొహంలోకి చూసింది. "మిగిలిన ఖాళీ నీది," అంది.

క్లెగ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే మరీ పందొమ్మిదేళ్ళవాడిలా ఉన్నాడు. "తొమ్మిది రోజులు ఆ గాలి చప్పుడు వింటూ కూర్చున్నాను," అన్నాడు. "నాన్నని మట్టి చేసే వేళకి హోవ్ద్‌లో ఎంతవుతుందో లెక్కేసుకుంటూ. ప్రెసిడెంట్ వచ్చి ఆ మాట చెప్పకపోతే నేను ఏమైపోయేవాణ్ణో నాకు తెలీదు. దాని మీదే బతికాను సిస్టర్. పెళ్ళి, పిల్లలు, అన్నీ దాని మీదే."

"దేవుడే నిన్నక్కడికి పంపాడని నువ్వు రాసిన ఉత్తరాలు నేనూ చదివాను నాయనా. అందుకే నోరు మూసుకున్నాను. ఇప్పుడు అంతమంది పిల్లల్ని గోడకు పెట్టి, నువ్వు తలుపు బయట నిలబడతానంటున్నావు. ఎలా ఊరుకోను?"

అతను తలూపాడు. ఒప్పుకున్నట్టో, ఇక చాలన్నట్టో తెలియలేదు. ఆ ఉత్తరాలన్నీ మీరు చదివేవారా అని అడిగాడు. ప్రతి సోమవారం, ఎనభై అంది నెడ్రా. ఆ సంగతి మాకెవరికీ తెలీదు అన్నాడతను. ముందు రాసుకున్న పేజీని కొట్టెయ్యలేదు, చింపలేదు. నోట్‌బుక్ తెరిచి ఉంచి దాన్నే చూస్తున్నాడు.

డెవాన్ అప్పటిదాకా కదల్లేదు. తరిగిన ఉల్లిపాయల కుప్ప ముందు రెండు చేతులూ బల్లకు ఆనించి ఉన్నాడు. నెడ్రాకి అతని కోపం తెలుసు, అలక తెలుసు, యాభై ఏడేళ్ళుగా చూస్తోంది. ఇది రెండూ కాదు. క్లెగ్ ముందు కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పి ఉండాల్సిందేమో అనుకుంది. కానీ ఇద్దరే ఉన్న రోజులు ఇరవై ఎనిమిదేళ్ళున్నాయి.

"ఆ గది నువ్వు తుడిచేదానివా?" అన్నాడు డెవాన్.

"రోజూ. రెండుసార్లు."

"నాకు తెలీదు."

"మరి ఎవరు తుడిచేవారనుకున్నావు?"

అతను నోరు తెరిచాడు. ఆలోచించాడు. నిజంగానే ఆలోచిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ ఊరినిండా బొగ్గు పొగ, ఆ తెల్ల బోర్డు, మూడేళ్ళపాటు దాని మీద చుక్క మసి లేకపోవడం.

బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు. తెల్ల చొక్కా మోచేతుల దగ్గర ఉల్లిపాయ నీళ్ళతో తడిసి ఉంది. చేతులు కడుక్కోలేదు. తలుపు పక్కన కొక్కానికున్న టోపీ తీసుకున్నాడు. క్లెగ్ కుర్చీ వెనక్కి జరిపి లేవబోతే, నెడ్రా చెయ్యెత్తి కూర్చోమంది. డెవాన్ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. ఏదో అంటాడనుకుని ఆమె కూడా లేచి నిలబడింది. ఆ ఫొటోలు పెట్టిన ఆమె పిండి చేతుల వైపు చాలాసేపు చూశాడు. టోపీ పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.